బసవమ్మ అరచేతులు

పోయినవారం మనం డాక్టర్ మాధవీలతను గుంటూరులో, ఆస్పత్రి వాకిట్లో, ఒక కాలు కారులోనూ ఒక కాలు నేల మీదా ఉండగా వదిలేశాం. ఆమె చేతిలో ఫోను, ఫోనులో ఒక ఫొటో. వినుకొండకు అవతల గుమ్మడంపాడులో, ఎర్రటి మిరప కళ్లం నడుమ, నెత్తిన తువ్వాలైనా లేకుండా, చొక్కా విప్పేసి, పదింటి ఎండలో కాయలు తిరగేస్తున్న వెంకయ్య ఫొటో అది. పంపింది శ్రీరమ్య. మందు తీసుకున్న రోగుల ఇళ్లకు వెళ్లి వాళ్ల మంచిచెడ్డలు చూసొచ్చే ఉద్యోగం ఆ పిల్లది. ఫొటో కింద ఒకే వాక్యం రాసింది. 'మేడమ్, ఈయనకు ఏమీ కాలేదు.'

ఏమీ కాకపోవడమే మాధవీలతను కంగారు పెట్టింది.

పచ్చమందు సంగతి మరిచిపోయిన వాళ్లకు రెండు ముక్కలు చెప్పి ముందుకు పోదాం. గుండెకు రక్తం తీసుకెళ్లే నాళాల్లో కొవ్వు చేరి పూడిక కడుతుంది. ఆ పూడికల్లో కొన్ని చల్లగా పడి ఉంటాయి. కొన్ని లోలోపల రగులుతూ ఉండి, ఒకనాడు పగిలి ప్రాణం మీదికి తెస్తాయి. ఏది చల్లనిదో ఏది రగిలేదో మామూలు పరీక్షలకు అంత తేలిగ్గా దొరకదు. మాధవీలత పదకొండేళ్లుగా పట్టుకు వేలాడుతున్న ఈ పచ్చమందు రక్తంలో కలిసి, రగిలే పూడికను వెతుక్కుంటూ వెళ్లి అందులో కూర్చుంటుంది. మణికట్టు దగ్గర నుంచి సన్నటి వెలుగుతీగను లోపలికి పంపితే మందు ఉన్నచోట ఎర్రగా మెరుస్తుంది. ఆ వెలుగునే కాస్త పెంచితే మందు మేలుకుని, అక్కడి చెడ్డ కణాలను అక్కడే చంపేస్తుంది. కనిపెట్టేదీ అదే, నయం చేసేదీ అదే.

చిక్కల్లా ఒకటే. ఆ మందు రెండు వారాల పాటు చర్మంలో కూడా నిలిచి ఉంటుంది. దానికి ఆస్పత్రి వెలుగు, ఆకాశంలో సూర్యుడు అన్న తేడా లేదు. ఎండ తగిలిన పావుగంటలో ఒళ్లు బొబ్బలెక్కాల్సిందే. అందుకే ఆ మందు ఎక్కించేది చీకటి గదిలో, సీసాకు నల్లగుడ్డ చుట్టి. అందుకే ఇంటికెళ్లే ప్రతి రోగికీ నీడపట్టున ఉండమని నూటొక్కసార్లు చెప్పి పంపుతారు.

వెంకయ్యకు మందు ఎక్కించి ఆ రోజుకు ఎనిమిది రోజులు. మందెక్కిన రెండోనాడు వెలుగుతీగ పంపి చూస్తే ఆయన గుండె నాళంలో మెరుపన్నదే లేదు. "మీ పూడిక చల్లగా పడి ఉందండీ వెంకయ్య గారూ. వెలుగు పెంచాల్సిన పనే పడలేదు. రెండు వారాలు నీడలో ఉండి, ఆనక మీ సేద్యం మీరు చేసుకోండి" అని మాధవీలత స్వయంగా, నవ్వుతూ చెప్పి పంపింది. అలాంటి మనిషి ఎండలో నిలబడి, కాలకుండా ఉన్నాడు.

దారి పొడవునా ఆమె మనసు ఒకే లెక్క చేసుకుంటూ పోయింది. మందు ఒంట్లో ఉంటే చర్మం కాలాలి. కాలలేదంటే మందు లేదు. లేకపోతే ఎక్కడికి పోయింది? తన చేతులతో తూచి, తన కళ్లముందు సీసాలో కలిపించిన మందు అది. రోడ్డుకు రెండు పక్కలా పత్తి తీసేసిన మోడులు, వాటి మధ్య ఎర్రటి కళ్లాలు వెనక్కి పరిగెడుతున్నాయి. ఆమె వాటిని చూడనే లేదు.

గుమ్మడంపాడు చేరేసరికి పన్నెండు దాటింది. కారు తలుపు తీయగానే ఘాటు ముక్కుకు తగిలి వరసగా నాలుగు తుమ్ములు వచ్చాయి. శ్రీరమ్య గొడుగు పట్టుకుని ఎదురొచ్చింది.

"నీడలోకి రమ్మని చెప్పీ చెప్పీ నా నోరు నొప్పెట్టింది మేడమ్. వినడే. కందకు లేని దురద కత్తిపీటకెందుకు అంటున్నాడు నన్ను."

అర ఎకరం మేర పరదాలు పరిచి, వాటి మీద కాయ ఆరబోశారు. ఆ ఎరుపు మీద ఎండ పడి చూసేవాళ్ల కళ్లు మండుతున్నాయి. వెంకయ్య వట్టి కాళ్లతో కాయల మధ్య సాళ్లు తీసుకుంటూ నడుస్తున్నాడు. యాభై ఎనిమిదేళ్ల మనిషి, ఎముకల మీద తోలు బిగించినట్టుంటాడు. డాక్టరమ్మను చూడగానే అడుగు ఆగింది. దొంగతనంగా సినిమాకెళ్లి మేష్టారికి దొరికిపోయిన పిల్లాడి ముఖం పెట్టాడు.

"ఇంత దూరం మీరే వచ్చారేంటమ్మా. కబురు పెడితే నేనే వచ్చేవాణ్ణి గదా."

మాధవీలత పలకరింపులు పెట్టుకోలేదు. గబగబా వెళ్లి ఆయన చేతులు రెండూ పట్టుకుని తిప్పి చూసింది. మెడ చూసింది, భుజాలు చూసింది, చెవుల వెనక చూసింది. ఎండకు నల్లబడిన మామూలు రైతు చర్మం. ఒక్క బొబ్బ లేదు, ఎరుపు లేదు, పొట్టు రేగిన జాడ లేదు.

"ఎన్నాళ్ల నుంచి ఎండలో తిరుగుతున్నారు?"

"వచ్చిన మర్నాటి నుంచేనమ్మా. కాయ ఎండకు వచ్చింది. నేను నీడన కూర్చుంటే అది నన్ను చూసి ఎండుతుందా?"

మామూలప్పుడైతే ఆమె నవ్వేదే. ఇప్పుడు సంచిలోంచి మీటరు తీసింది. చేతి టార్చిలైటంత ఉంటుంది అది. చర్మానికి ఆనిస్తే లోపల ఎంత మందు ఉందో అంకె చూపిస్తుంది. ఎనిమిదో రోజున ఏ రోగికైనా నలభైకి తగ్గదు. వెంకయ్య అరచేతికి ఆనించింది. మూడు. మీటరు పాడయిందనుకుని తన చేతికి పెట్టుకుంది. సున్నా. మళ్లీ వెంకయ్యకు పెట్టింది. మళ్లీ మూడే.

 నాలుగు చుక్కలకు మించి మందు ఒంట్లోకి వెళ్లని మనిషికి మూడు వస్తుంది. సీసాడు మందు వెళ్లిన మనిషికి రాదు.

"వెంకయ్య గారూ, ఆ రోజు చీకటి గదిలో ఏం జరిగింది?"

"ఏముందమ్మా. పడుకున్నాను. నర్సమ్మ సీసా పెట్టింది. ఎక్కింది. లేచాను." ఆయన కళ్లు మాత్రం ఆమె వైపు లేవు. కళ్లం అంచున ఉన్న తాటాకు పందిరి వైపు ఒకసారి పోయి, వెంటనే వెనక్కి వచ్చాయి.

మాధవీలత కూడా అటు చూసింది. పందిట్లో ఒక ఆడమనిషి ఇటు వీపు పెట్టి కూర్చుని, కుప్పలోంచి తాలుకాయ ఏరుతోంది. తాలంటే రంగు పోయి తెల్లబడిన కాయ. మంచి కాయలో అది కలిసిందంటే బస్తా మొత్తానికీ పేరు పోతుంది. ఆ మనిషి తలకూ ముఖానికీ పాత చీర ముక్క చుట్టుకుంది. ఘాటుకు అందరూ చుట్టుకుంటారు, అందులో వింతేమీ లేదు.

"ఎవరామె?"

"మా ఆడదేనమ్మా, బసవమ్మ. ఆస్పత్రికి కూడా వచ్చిందిగా నాతోపాటు. చేతులకు మిరపమంట తగిలి ఎండలోకి రాలేకపోతే పందిట్లో కూర్చోమన్నాను. అది కూడా సరిగ్గా చెయ్యట్లేదనుకోండి. పాతికేళ్లు తాలు ఏరిన మనిషి, నెల్లాళ్ల నుంచీ మంచికాయలో తాలు కలిపేస్తోంది." వెంకయ్య మాట మార్చడానికి ఆ దారి పట్టాడు గానీ, అదే ఆయన కొంప ముంచింది.

మాధవీలత అప్పటికే పందిరి వైపు నడుస్తోంది.

బసవమ్మ ఆమెను చూసి లేవబోయింది. "కూర్చోండమ్మా, కూర్చోండి" అని మాధవీలత ఎదురుగా మోకాళ్ల మీద కూలబడింది. మోచేతుల దాకా పెరుగు పూసుకుని, పైన గుడ్డ పీలికలు చుట్టుకుని ఉంది ఆ తల్లి. యాభై రెండేళ్లు. నలభై కిలోల బరువుంటే గొప్ప.

"ఏదీ, చేతులు చూపించండి."

"మిరపమంట తల్లీ. ఏటా ఉండేదే. ఈసారి కాస్త ఎక్కువైంది, అంతే."

పీలికలు ఊడదీసింది మాధవీలత. పక్కన గొడుగు మడుస్తున్న శ్రీరమ్య "అయ్యో" అని నోటి మీద చెయ్యి వేసుకుంది. వేళ్ల మెటికల నుంచి మోచేతి దాకా చేతుల పైభాగం ఎర్రగా ఉడికి, బొబ్బలు చితికి, తోలు ఊడి ఉంది. మణికట్టు దగ్గర మాత్రం మూడు సన్నటి గీతలు, గాజులున్న మేర, చెక్కుచెదరని చర్మం. ఆ గాజుల్ని పైకి జరిపి చూసింది. గీత గీసి కాల్చినట్టుంది.

అప్పుడు ఆమె బసవమ్మ చేతుల్ని వెల్లకిలా తిప్పింది. అరచేతులు బాగున్నాయి. కాయలు కాసి, ఘాటుతో కాస్త కందిన మామూలు అరచేతులు.

ఆ ఊళ్లో పుట్టి పెరిగిన ఏ పిల్లనైనా అడగండి, చెబుతుంది. మిరపమంట ముందు తగిలేది అరచేతికి, వేళ్ల సందులకు, గోళ్ల కింద. కాయ పట్టుకునేది వాటితోనే కాబట్టి. చేతి వెనక వైపు కాల్చి, అరచేతిని వదిలేసి, గాజు కింద నీడను గౌరవించి పక్కకు తప్పుకునే మంట ఒక్కటే ఉంది. అది పైనుంచి వచ్చేది. ఇన్నాళ్లూ ఇంట్లో వాళ్లకు అది తట్టలేదంటే, మిరప ఇంట్లో మంటకు మరో పేరు ఉంటుందని ఎవరికి తోస్తుంది?

మాధవీలత మీటరు తీసి ఆ అరచేతికి ఆనించింది. అంకె పరిగెత్తి పరిగెత్తి అరవై రెండు దగ్గర ఆగింది.

మందు ఎక్కడికి పోయిందో తెలిసిపోయింది.

"ఎవరు చేశారు ఈ పని?" ఆమె గొంతు ఆమెకే కొత్తగా వినిపించింది. "ఈమె ఒంట్లోకి ఆ మందు ఎలా వెళ్లింది?"

బసవమ్మ తల దించుకుంది. వెంకయ్య పందిరి గుంజ పట్టుకుని నిలబడ్డాడు.  చివరికి వెంకయ్యే, "యలమందను పిలవండి. వాడే చెప్తాడు" అన్నాడు నీరసంగా.

యలమంద ఆ ఊరి డాక్టరు. డాక్టరంటే చదువుకున్న డాక్టరు కాదు. పాతికేళ్ల కిందట నరసరావుపేటలో ఒక కాంపౌండరు దగ్గర సూదులు గుచ్చడం నేర్చుకుని, అప్పటి నుంచీ చుట్టుపక్కల నాలుగు ఊళ్లకు జ్వరాలు, వాంతులు, నడుం నొప్పులు చూసుకుంటున్నవాడు. పెద్దాస్పత్రికి ఎవరు బయల్దేరినా తోడు వెళ్లేది కూడా అతనే. కబురందుకుని బండి మీద పది నిమిషాల్లో వచ్చాడు. డాక్టరమ్మను చూసి సంతోషంగా నమస్కారం పెట్టాడు. సాటి వైద్యురాలు తన ఊరు వచ్చిందన్న సంబరం అతనిది.

"సగం సగం చేశామండీ మేడమ్" అన్నాడు, అడగగానే, దాచడానికి అందులో ఏముందన్నట్టు.

"అంటే?"

"కోతల బాటిల్ అండీ. ఏటా కోతల ముందు మా ఊళ్లో మొగుడూ పెళ్లాలకు ఒక గ్లూకోజు బాటిల్ సగం సగం ఎక్కిస్తాను. ఒంట్లో సత్తువకు. ఆయన గుంటూరు వెళ్తుంటే ఈ ఏడు అది కుదర్లేదు. అక్కడ చూస్తే, అంత మంచి మందు, అమెరికాలో కూడా దొరకదని మీ నర్సులే చెప్పుకుంటున్నారు. వెంకయ్య మావేమో, నాకు నొప్పి ఎప్పుడో తగ్గిపోయింది, నా పెళ్లానికే ఆర్నెల్ల నుంచి నీరసం, దానికి ఎక్కించరా అన్నాడు. పక్కనే తోడు వచ్చినవాళ్ల మంచం. గది చీకటి. ఆయనకు పావువంతన్నా ఎక్కనిద్దామనుకున్నాను. రెండు నిమిషాలు కూడా ఆగనివ్వలేదు ఆయన. తీసేయరా తీసేయరా అని ఒకటే గొడవ. అత్తకు పెట్టేశాను." అక్కడ ఆగి, ఆమె ముఖం చూసి, తప్పు ఎక్కడుందో తనకు తెలిసినట్టే కంగారుగా కలిపాడు. "సూది కొత్తదేనండీ. ఆమాత్రం తెలియదా నాకు. నా సంచిలోదే వాడాను."

శ్రీరమ్య గోడ కోసం వెతికింది. పందిరికి గోడ ఎక్కడిది? గుంజకే ఆనుకుంది.

"గుండె కొట్టుకోవడం చూసే మిషను ఉందిగా" అంది మాధవీలత. "బయట మా వాళ్లు చూస్తూనే ఉన్నారే."

"దాని క్లిప్పు మావ వేలికే ఉంచానండి. తీస్తే మోగుతుందిగా."

మాధవీలత కళ్లు మూసుకుంది. ఆ గది తలుపు మీద ఒక కాగితం అంటించి ఉంటుంది. 'మందు ఎక్కే గంటసేపు ఎవరూ తలుపు తెరవరాదు. వెలుగు పడితే మందు చెడుతుంది.' ఆ రాత ఆమెదే. నర్సు పోయి చూసొస్తానంటే వద్దని, మిషను చూస్తే చాలునని కోప్పడిందీ ఆమే. మందును వెలుగు నుంచి కాపాడాలన్న ఆరాటంలో మనిషిని కనిపెట్టుకోవడం మరిచిపోయింది. ఎవరి మీద కేకలు వేస్తుంది ఇప్పుడు? యలమంద మీద అరవాలని నోటి దాకా వచ్చిన మాటను ఆమె మింగేసింది.

"అంత తప్పా తల్లీ?" బసవమ్మ మెల్లిగా అడిగింది. "నేను వద్దనే అన్నాను. ఈ మనిషి వినలేదు. ఏడాదికి ఒక చీర కొనడానికి నలభై రోజులు ఆలోచించే మనిషి, అంత గొప్ప మందు నాకిచ్చేశాడు కదా అని నేనే ఊరుకున్నాను. కాలుతుందని తెలియదు. ఎండలోకి పోవద్దని మీరు ఆయనకు చెప్పారు. మందు పుచ్చుకుంది నేనని నాకు గుర్తే రాలేదు."

ఆ మాటకు మాధవీలత గుండె చెరువైంది. దేవుడు వరమిచ్చినా పూజారి అడ్డుపడ్డాడంటారు. ఇక్కడ పూజారే కాదు, భక్తుడు కూడా వరాన్ని పట్టుకెళ్లి పెళ్లానికి ఇచ్చేశాడు. కోప్పడటానికి ఎక్కడా చోటు దొరకలేదు ఆమెకు.

కానీ ఆ జాలి వెనకే అసలు భయం వచ్చి నిలబడింది. ఆమె ఒక్క ఉదుటున లేచింది.

"వెంకయ్య గారూ, మీరు ముందు కూర్చోండి. ఇక్కడ. కదలొద్దు."

"నాకేమైందమ్మా? బాగానే ఉన్నాగా. మీరే చెప్పారు చల్లగా ఉందని."

"నేను చెప్పింది తప్పండి." పదకొండేళ్లలో ఏ రోగి ముందూ ఆమె ఆ మాట అనలేదు. "రగిలే పూడికలో మందు చేరితే మెరుస్తుంది. మీ నాళంలో మెరుపు లేదు కాబట్టి రగలడం లేదనుకున్నాను. అసలు మీ ఒంట్లో మందే లేదు. చీకటింట్లోకి తొంగి చూసి, లోపల ఎవరూ లేరని చెప్పొచ్చినట్టయింది. మీ పూడిక చల్లగా ఉండొచ్చు. రగులుతూ ఉండొచ్చు. ఇవాళే పగలొచ్చు. నాకు తెలియదు. వచ్చినప్పటి నుంచి ఎన్ని బస్తాలు లేపారు?"

వెంకయ్య ఆలోచించాడు. "నిన్న ముప్పై ఏడు టిక్కీలు ట్రాక్టరుకెత్తానమ్మా. మొన్న ఎన్నో గుర్తులేదు." అలా అంటూనే ఆయన చెయ్యి తనకు తెలియకుండా రొమ్ము మీదికి వెళ్లింది. అంతవరకూ చెక్కుచెదరని ముఖం పాలిపోయింది. టిక్కీ అంటే నలభై కిలోలకు తక్కువ ఉండదు.

"ఇక ఒక చెంబు కూడా లేపొద్దు. ఇప్పుడే నా కారులో గుంటూరు వస్తున్నారు. ఇద్దరూ. అమ్మకు ఆ కాలిన చేతులకు వైద్యం కావాలి, మీకు మళ్లీ పరీక్ష కావాలి. శ్రీరమ్యా, ఆస్పత్రికి ఫోన్ చెయ్యి. జరిగింది జరిగినట్టు చెప్పు. నా పేరు పెట్టే చెప్పు."

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే ఇది, ఆమెకు తెలుసు. అయినా పట్టుకోవాల్సిందే కదా. బయల్దేరే ముందు బసవమ్మ కొలతలు రాసుకుందామని మళ్లీ ఎదురుగా కూర్చుంది. ముందు అరచెయ్యి, తర్వాత మెడ. ప్రతి రోగికీ ఆమె చేసే పద్ధతి అదే. మెడలో, దవడ కింద, మెదడుకు రక్తం తీసుకెళ్లే పెద్ద నాళాలు చర్మానికి దగ్గరగా ఉంటాయి. వాటికి వెలుగుతీగ అక్కర్లేదు, పైనుంచి మీటరు ఆనిస్తే చాలు, లోపల మెరుపేదైనా ఉంటే మీటరు వెనకనున్న చిన్న తెర మీద కనిపిస్తుంది. అలవాటు కొద్దీ కుడి పక్క పెట్టింది. తెర నల్లగా ఉంది. ఎడమ పక్క పెట్టింది.

తెర మీద ఎర్రగా వెలిగింది.

మసగ్గా కాదు, అనుమానంగా కాదు. గోరంత పొడవున, నాళం చీలే చోట, నిప్పుకణికలా. పదకొండేళ్లలో ఆమె చూసిన మెరుపులన్నింటి కన్నా గట్టి మెరుపు. మాధవీలత మీటరు తీసి, తన కొంగుతో తుడిచి, మళ్లీ పెట్టింది. అక్కడే ఉంది.

పరీక్షకు పిలవని మనిషి. నీరసమంటే ఆడవాళ్లకు ఉండేదేగా అని మొగుడూ, ఊరి డాక్టరూ, చివరికి ఆస్పత్రిలో తోడుగా కూర్చున్నప్పుడు తానూ తల తిప్పుకుని పోయిన మనిషి. మందు తప్పుడు ఒంట్లోకి వెళ్లిందని ఇంతసేపూ కుమిలిపోయింది. చూడబోతే ఆ మందు అవసరమైన ఒంట్లోకే చేరింది.

"ఏం కనపడింది తల్లీ?" అని అడిగింది బసవమ్మ.

 వెంకయ్య ఇందాక అన్న మాట మాధవీలతకు ఇప్పుడు వినిపించింది. "అమ్మా, తాలుకాయ ఎందుకు కలిసిపోతోంది మీకు? కన్ను కనపడట్లేదా?"

"ఎడమ కంటికి తెర దిగుతుందమ్మా, ఉన్నట్టుండి. దీపం తగ్గించినట్టు. కాసేపుండి మళ్లీ తేలిపోతుంది. నీరసానికి అంతేనన్నాడు యలమంద." భర్త వైపు తిరిగి నవ్వబోయింది. "ఈయనకు చెబితే, ఇక తాలు ఏరొద్దని..."

ఆ మాట ముద్దగా వచ్చింది. నవ్వు పెదవికి ఎడమ పక్కనే వచ్చింది. కుడి పక్క కదలలేదు. చేతిలోని ఎర్రకాయ జారి పరదా మీద పడితే తీసుకుందామని వంగింది. కుడిచెయ్యి లేవలేదు. తన చెయ్యిని తానే వింతగా చూసుకుంది.

"శ్రీరమ్యా, కారు! పందిరి దాకా తీసుకురా!"

శ్రీరమ్య పరిగెత్తింది. కళ్లం నిండా కాయ, అవతల కాలవ. కారు వచ్చేది ఆ గట్టు దాకానే. అక్కడికి వంద అడుగుల ఎండ.

"పరదా తియ్యండి. నల్లది, మందంగా ఉన్నది. కప్పకుండా బయటికి తీసుకెళ్తే ఒళ్లంతా కాలిపోతుంది." యలమంద ఒక పరదా అంచు పట్టుకుని లాగాడు. ఏడాది పంట ఎర్రగా లేచి మట్టిలో పడింది. ఎవరూ దాని వైపు చూడలేదు. మాధవీలత బసవమ్మ తల నుంచి కాళ్ల దాకా పరదా చుట్టి, "యలమందా, మీరు అటు పట్టుకోండి" అంటూ తల ఎత్తేలోపు, వెంకయ్య వంగి, పరదాతో సహా భార్యను రెండు చేతులతో ఎత్తుకున్నాడు.

"మీరు ఎత్తొద్దు! వెంకయ్య గారూ, దించండి!"

ఆయన వినలేదు. ఎండలోకి అడుగు పెట్టాడు. కాయల్ని తొక్కుకుంటూ, పెద్ద పెద్ద అంగలతో సగం కళ్లం దాటాడు.

అక్కడ ఆగిపోయాడు.